ఉత్తరాంధ్ర పట్టాల కథ – 4: ఉప్పు కొటార్ల నుంచి కిమిడి కోటకు

గత భాగంలో తూర్పు కోస్తా రైలు మన జిల్లాల్లోకి రావడం చూశాం. 1866 కరువులో ఒడిశాలోనూ గంజాంలోనూ జనం రాలిపోతుంటే ధాన్యం ఉన్నచోటి నుంచి లేనిచోటికి చేర్చే దారి లేకపోయింది. 1888–89లో గంజాం మళ్ళీ ఎండింది. మద్రాసు గవర్నరు కానెమారా స్వయంగా వచ్చి ఆ కరువు చూసి వెళ్ళాడు. ఇలాంటి దెబ్బలు తిన్న తీరం మీద, 1893–96 మధ్య, బెజవాడ నుంచి కటకం దాకా పట్టాలు పడ్డాయి. ఆ లైను శ్రీకాకుళం పట్టణాన్ని తాకకుండా ఆముదాలవలస మీదుగా పోయింది. అక్కడి స్టేషనుకు చికాకోల్ రోడ్ అని పేరు పెట్టి ఊరివాళ్ళను బండి కట్టుకుని రమ్మన్నారు. కళింగపట్నం రేవు సరుకు కొంచెం కొంచెంగా రైలు వైపు మళ్ళింది. 1901లో వాల్తేరుకు దక్షిణాన ఉన్న లైను మద్రాసు రైల్వేకు, 1902లో ఉత్తరాన ఉన్న లైను బెంగాల్ నాగపూర్ రైల్వేకు దక్కాయి. మనవాళ్ళు బీఎన్ఆర్ అని పిలుచుకున్నది ఈ రెండో కంపెనీనే. 1887లో లండనులో పుట్టి, కలకత్తా గార్డెన్ రీచ్ నుంచి నడిచిన సంస్థ అది.

ఈ భాగంలో ఆ పెద్ద కంపెనీ పక్కనే పుట్టిన చిన్న రైలు సంగతి. దాని పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే.

ఇంతవరకూ ఈ ధారావాహికలో చెప్పుకున్న పట్టాలన్నీ ఎవరి కోసమో మన ఊళ్ళ మీదుగా పోయినవి. మద్రాసును కలకత్తాతో కలపాలి, మధ్యలో మనం ఉన్నాం, అంతే. పర్లాకిమిడి లైను అలాంటిది కాదు. దాన్ని అడిగినవారు ఇక్కడివారు, డబ్బు పెట్టినవారు ఇక్కడివారు, నష్టం వచ్చినప్పుడు భరించిందీ ఇక్కడి ఖజానాయే. అందుకే ఈ కథను కొంచెం తీరిగ్గా చెప్పాలనిపించింది.

ఇరవై అయిదు మైళ్ళు

ఆ కాలానికి శ్రీకాకుళం జిల్లా అనేది లేదు. అది 1950 ఆగస్టు 15న ఏర్పడింది. విజయనగరం జిల్లా కావడానికి 1979 దాకా ఆగాలి. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, శ్రీకాకుళం అన్నీ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలో పాతదీ పెద్దదీ అయిన జమీ పర్లాకిమిడి. గజపతుల వంశం. కొండల అంచున, మహేంద్రతనయ ఒడ్డున కోట. ఏటికి ఇవతల పాతపట్నం, అవతల కిమిడి. బజారులో తెలుగు, ఒడియా రెండూ కలిసి వినిపించే ఊరు. సంతరోజు కొండల మీద నుంచి సవరలు దిగితే మూడో భాష కూడా వినిపించేది.

అప్పటి జమీందారు గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్. జమీ పదుల ఏళ్ళు కోర్టు ఆఫ్ వార్డ్స్ కింద, అంటే సర్కారు పెత్తనంలో నలిగింది. అలాంటి ఎస్టేటు యజమానికి స్వయంగా ఏదైనా నిలబెట్టి చూపాలన్న పట్టుదల ఉండటం సహజం. కిమిడిలో హైస్కూలు 1896 నాటికి కాలేజీ అయింది. చదువు ఉంది, కోట ఉంది, కచేరీలున్నాయి, వర్తకం ఉంది. లేనిదల్లా రైలు. పెద్ద లైను నౌపడ మీదుగా పోతోంది. అక్కడికి ఇరవై అయిదు మైళ్ళు, అంటే నలభై కిలోమీటర్లు.

ఇప్పుడు మోటారు మీద పోయేవారికి ఆ దూరం దూరమే కాదు. ఎడ్లబండికి అది ఒక రాత్రీ పగలూ. ధాన్యం బస్తాలు వేసిన బండి అయితే మధ్యలో టెక్కలిలోనో టెంబూరులోనో ఎడ్లను విప్పి మేత వేసి, నీళ్ళు పట్టి, మళ్ళీ కట్టాలి. వానాకాలంలో గెడ్డలు పొంగితే బండ్లు గట్టునే నిలిచిపోతాయి. బండివాడికి ఆగిన ప్రతి పూటా తిండి ఖర్చే. కొండసరుకు చవగ్గా కొన్న వర్తకుడికి నౌపడ చేరేసరికి లాభంలో సగం దారిలోనే కరిగిపోయేది.

ఉప్పు సంగతి

చిన్న రైలు కోట నుంచి నౌపడకే ఎందుకు, ఇంకో స్టేషనుకు ఎందుకు కాదు అంటే దగ్గర అన్నది ఒక జవాబు. అంతకంటే గట్టి జవాబు ఉప్పు.

నౌపడ చుట్టూ ఉన్నది ఉప్పు పర్ర. సముద్రపు పాటుకు ఎక్కే నీటిని మడుల్లోకి మళ్ళించి, ఒక మడి నుంచి ఇంకో మడికి చిక్కబరుస్తూ పోతే ఎండాకాలంలో అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని పలకలతో గీకి గట్టు మీదికి లాగి కుప్పలు పోస్తారు. ఆ కుప్పలు కొటార్లకు చేరతాయి. వాన వచ్చేలోగా పైన తాటాకు కప్పాలి. నౌపడ ఉప్పు కొటార్లకు మద్రాసు రాజధాని అంతటా పేరు. మడుల్లో పని చేసేవాళ్ళ కాళ్ళు ఎప్పుడూ ఉప్పునీటిలో నానుతూ, మడమలు పగిలి, పగిలిన చోట ఉప్పు దిగి మండుతూ ఉండేవి. ఆ పని చేసిన కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి.

ఆ ఉప్పు మీద సర్కారు పన్ను ఎంతో తలుచుకుంటే ఈనాటివారికి నమ్మబుద్ధి కాదు. 1888లో మణుగుకు రెండున్నర రూపాయలు చేశారు. మణుగంటే దగ్గర దగ్గర 37 కిలోలు. సరుకు ఖరీదు కంటే పన్నే ఎన్నో రెట్లు. దాని మీద బండి కిరాయి, మధ్యవర్తి లాభం. కొండ మీది సవర ఇంటికి చేరేసరికి ఉప్పు చింతపండు బుట్టకు బుట్టగా, పసుపు మూటకు మూటగా మారేది. మన్యంలో ఉప్పు సరుకు మాత్రమే కాదు, మారకం కూడా. ఉప్పు ఎవరి చేతిలో ఉంటే కొండసరుకు వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

కాబట్టి రాజావారి మనసులో మూడు లెక్కలు ఉండి ఉండాలి. ఉప్పు లోపలికి పోవాలి, ధాన్యమూ కొండసరుకూ బయటికి రావాలి, కరువొస్తే బియ్యం బండ్లు వచ్చి తీరాలి. 1896–97లో దేశమంతటా వచ్చిన కరువు గంజాంనూ వదల్లేదు. సర్కారు అనుమతి 1898లో దొరికింది. ఈ రెంటి మధ్య ఎడం చూస్తే మూడో లెక్క ఎంత బరువైనదో తెలుస్తుంది. పరువు ప్రతిష్ఠల మాట లేదనను. సొంత రైలున్న జమీందారు అనిపించుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కానీ పరువు కోసమే అయితే ఏనుగులూ ఉత్సవాలూ చాలు. ఏడు లక్షల రూపాయలు పట్టాల్లో పోయనవసరం లేదు.

రెండున్నర అడుగుల మార్గం

ఏడు లక్షలు. పాతిక మైళ్ళకు పంచితే మైలుకు 28 వేలు. పెద్ద లైను లాంటి అయిదున్నర అడుగుల బ్రాడ్ గేజి ఆ సొమ్ముకు అయ్యే పని కాదు. రెండు పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాలు ఉండే నేరో గేజికి సిద్ధపడ్డారు. ఈ గేజికి అప్పుడే కొత్త ధైర్యం దొరికింది. 1897లో బొంబాయి వైపు బార్సీ లైట్ రైల్వే ఇదే కొలతతో మొదలై, తేలికపాటి పట్టాల మీద కూడా గట్టి సరుకు లాగవచ్చని చూపించింది. మార్గం సన్నగా ఉంటే కట్ట సన్నగా ఉంటుంది, వంతెన సన్నగా ఉంటుంది, మలుపు ఎక్కడ కావాలంటే అక్కడ తిప్పుకోవచ్చు, చెరువు గట్టును తప్పించుకోవచ్చు. ఖర్చు అన్ని చోట్లా తగ్గుతుంది.

మయూర్‌భంజ్ రాజు ఇలాంటి లైనే రూప్సా నుంచి బారిపద దాకా వేసుకున్నాడు. అది 1905 మాట. కిమిడి అంతకు అయిదేళ్ళు ముందే ఉంది.

1898లో మొదలైన పని రెండేళ్ళలో ముగిసింది. 1900 ఏప్రిల్ 1న నౌపడ–పర్లాకిమిడి మధ్య రాకపోకలు మొదలయ్యాయి. నౌపడలో బయల్దేరి టెక్కలి, పెద్దసాన, టెంబూరు, గంగువాడ, పాతపట్నం దాటి, మహేంద్రతనయ అవతలికి చేరి కిమిడిలో ఆగుతుంది ఆ దారి. మొదట కుడిఎడమలా పొలాలు, టెక్కలి దాటాక గుట్టలు, పాతపట్నం దగ్గరికొచ్చేసరికి ఉత్తరాన మహేంద్రగిరి వరస. ఈ ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో బల్లల మీదికి ఎక్కడం అదే మొదలు. అప్పటిదాకా గంగువాడ అనే ఊరుందని కలకత్తాలో ఎవరికీ తెలియనవసరం లేదు. ఇప్పుడు సరుకు రసీదు మీద ఆ పేరు రాయక తప్పదు.

నౌపడ ప్లాట్‌ఫారం మీద

లైను చవగ్గా పడింది సరే, ఆ చవక ఖరీదు మొత్తం నౌపడలో తేలేది. ఇదే ఈ రైలు బతుకులోని అసలు కష్టం కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

పెద్ద లైను బోగీ చిన్న లైను మీదికి రాదు, చిన్నది పెద్దదాని మీదికి పోదు. ఒక పక్క ఎత్తయిన పెద్ద వ్యాగను, ఇంకో పక్క దాని భుజం దాకా కూడా రాని చిన్న వ్యాగను. మధ్యలో కలాసీలు. కిమిడి నుంచి వచ్చిన బియ్యం బస్తాను చిన్న వ్యాగన్లోంచి వీపు మీదికి వంచుకుని, పలక మీదుగా నడిచి, పెద్ద వ్యాగన్లో దించాలి. అటు నుంచి గుడ్డల బేళ్ళు, కిరసనాయిలు డబ్బాలు ఇటు. ఒక పెద్ద వ్యాగను నింపడానికి చిన్నవి ఎన్నో ఖాళీ చేయాలి. చిన్నది వచ్చి పెద్దది రాకపోతే సరుకు గోదాములో పడి ఉంటుంది. ఎక్కించేటప్పుడు గోనె చిరిగితే గింజలు పట్టాల మధ్య రాలిపోతాయి. వానలో ఉప్పు బస్తా అయితే కారి కారి సగమవుతుంది. తూకంలో వచ్చిన తేడా ఎవరి ఖాతాలో రాయాలన్న తగవు వర్తకుడికీ స్టేషను మాస్టరుకీ తప్పదు.

ఎడ్లబండివాడి బలమంతా ఇక్కడే. వాడు కిమిడిలో కొట్టు గుమ్మం దగ్గర ఎత్తిన బస్తాను నౌపడలో పెద్ద వ్యాగను పక్కనే దించుతాడు. మధ్యలో ఎవరూ ముట్టరు. రైలుకు సరుకు వేయాలంటే కొట్టు నుంచి స్టేషనుకు ఒక బండి, నౌపడలో మరోసారి ఎత్తుడు కూలి. పాతిక మైళ్ళ కురచ దూరంలో ఈ రెండు ఖర్చులూ కలిస్తే రైలు చవక అన్నమాట నిలబడటం కష్టం. వంద మైళ్ళ లైను అయితే బండివాడు పోటీకి రాలేడు. పాతిక మైళ్ళకు తప్పకుండా వస్తాడు. ఈ చిక్కు అప్పట్లో దేశమంతా కురచ లైట్ రైల్వేలను వేధించినదే.

మొదటి పదేళ్ళూ పర్లాకిమిడి లైట్ రైల్వే నష్టాల్లోనే నడిచింది.

నడిపించిందెవరు, ఆపనిదెవరు

1905లో గౌరచంద్ర గజపతి కన్నుమూశారు. కొడుకు కృష్ణచంద్ర 1892 ఏప్రిల్‌లో పుట్టినవాడు, అంటే ఇంకా పసివాడు. ఎస్టేటు మళ్ళీ కోర్టు ఆఫ్ వార్డ్స్ చేతికి పోయింది. కట్టినాయన లేడు, వారసుడికి వయసు లేదు, లెక్కల పుస్తకంలో ఏటా ఎర్రగీత. పెత్తనం చేసేది సర్కారు ఉద్యోగులు. రైలు మూసేయడానికి ఇంతకంటే వీలైన సమయం ఇంకోటి ఉండదు.

మూయలేదు. వేసిన పట్టాలు పీకినా పెట్టిన ఏడు లక్షలు తిరిగి రావన్నది ఒక కారణం అయి ఉంటుంది. లైనుకు అలవాటుపడ్డ ఊళ్ళు ఉన్నాయన్నది ఇంకొకటి. దీనికి తోడు ఉప్పు మీద పన్ను దిగడం మొదలైంది. 1903లో మణుగుకు రెండు రూపాయలు, 1905లో ఒకటిన్నర, 1907లో ఒక్క రూపాయి. నాలుగేళ్ళలో పన్ను సగానికి సగం తగ్గితే లోపలి ఊళ్ళకు పోయే ఉప్పు పెరగక ఏం చేస్తుంది! 1910 తర్వాత చిన్న రైలు కొద్దికొద్దిగా లాభం చూడటం మొదలుపెట్టింది. ఈ రెండూ ఒకే కాలంలో జరగడం కాకతాళీయం అని నేను అనుకోను. నౌపడలో పుట్టిన ఉప్పుకు కొండల దాకా దారి చూపించిన రైలును ఆ ఉప్పే కష్టకాలంలో నిలబెట్టింది.

బండెక్కినవాళ్ళు

సరుకు లెక్కలు ఎస్టేటు కచేరీలో ఉండిపోతాయి. మూడో తరగతి పెట్టెలో ఎవరు కూర్చున్నారన్నది జనం బతుకుల్లో దొరుకుతుంది.

కిమిడి కాలేజీలో చదువుకునే టెక్కలి, పాతపట్నం పిల్లలు ఎక్కారు. ఇంటి నుంచి బియ్యం మూట, పచ్చడి జాడీ పట్టుకుని గదులు అద్దెకు తీసుకుని చదువుకున్న తరం అది. కోర్టు వాయిదాలకు పోయే రైతులు ఎక్కారు. పూరీ యాత్రికులు ఎక్కారు. ఖుర్దా రోడ్ నుంచి పూరీకి 1897లోనే కొమ్ము లైను పడింది. మా వైపు ఇళ్ళలో జగన్నాథుడికి మొక్కులు ఎక్కువ. అంతకు ముందు రథయాత్రకు కాలినడకన బయల్దేరితే మళ్ళీ ఇల్లు చేరతామన్న భరోసా ఉండేది కాదు. దారి పొడవునా కలరా కాచుకుని ఉండేది. కిమిడిలో బండెక్కి, నౌపడలో మారి, ఖుర్దాలో మారి పూరీలో దిగడమంటే ముసలివాళ్ళకు అది పునర్జన్మ లాంటి సౌకర్యం.

రంగం పోయేవాళ్ళు ఎక్కారు. పంట పోయిన ఏడాది కూలి జనం కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి రంగూను బియ్యం మిల్లులకూ రేవు పనులకూ పోవడం ఈ ప్రాంతపు పాత బాధ. బీఎన్ఆర్ వచ్చాక ఇంకో దారి తెరుచుకుంది. ఖరగ్‌పూర్‌లో కంపెనీ వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జనం అక్కడికి కదిలారు. ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్‌లుగా, కలాసీలుగా చేరి అక్కడే స్థిరపడ్డారు. ఈనాడు ఖరగ్‌పూర్‌లో అన్ని తెలుగు కుటుంబాలు ఉండటానికి మూలం అదే. వాళ్ళ సమ్మెలూ, వాళ్ళకు నాయకుడైన బరంపురం మనిషి వి.వి. గిరి కథా ఈ ధారావాహికలో తర్వాత వస్తాయి.

ఇక గిడుగు రామమూర్తి పంతులు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880 నుంచి కిమిడిలో బడిపంతులై, తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పి, 1911లో ఉద్యోగం విరమించారు. సంతకు దిగే సవరల మాట విని, అది నేర్చుకోవాలని ఆ భాష వచ్చినవాళ్ళను ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి మరీ నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుంటే, దానికి మింగిన క్వినైను ఆయన వినికిడిని పాడు చేసింది. జీవితమంతా జనం మాటను చెవితో పట్టి కాగితం మీద పెట్టిన మనిషికి ఆ శిక్ష పడటం తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. వ్యావహారిక భాష కోసం ఆయన ఊరూరా తిరిగి సభల్లో వాదించిన కాలంలో కిమిడి నుంచి పై లోకానికి తలుపు నౌపడే. కిమిడిలో కూర్చుని ఒక పంతులు తెలుగుదేశం మొత్తంతో వాదం నడపగలిగాడంటే అందులో టపా సంచులు మోసిన ఆ చిన్న బండికీ వాటా ఉంది.

కొండవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకో ముఖం కూడా చెప్పాలి. రైలు ఉప్పును దగ్గర చేసింది, సాహుకారును కూడా దగ్గర చేసింది. చింతపండు, అడ్డాకులు, పసుపు, కొండచీపుళ్ళు నౌపడ దాకా సులువుగా పోతున్నాయంటే వాటికి ముందే అప్పిచ్చి కట్టేసుకునేవాళ్ళు కూడా పెరుగుతారు. అప్పు వడ్డీ అయి, వడ్డీ భూమి అయి, కొండ కింది పల్లపు పొలాలు చేతులు మారాయి. 1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు వడ్డీనీ భూబదిలీనీ అదుపు చేసే చట్టం తేవలసి వచ్చిందంటే వ్యవహారం ఎంత దూరం పోయిందో చూడండి. దీనికంతటికీ రైలే కారణమంటే అన్యాయం. కానీ రైలు వల్ల అందరికీ మేలే జరిగిందని రాస్తే అది చరిత్ర కాదు.

ఇటు విజయనగరంలో

ఈ మధ్యలో బీఎన్ఆర్ ఊరుకోలేదు. 1908–09లో విజయనగరం నుంచి బొబ్బిలి మీదుగా పార్వతీపురం దాకా 79 కిలోమీటర్ల లైను వేసింది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు కొమ్ము వేసింది. చీపురుపల్లి, గర్భాం వైపు మాంగనీసు ఖనిజం, పార్వతీపురం వైపు ధాన్యం, సాలూరు వైపు ఏజెన్సీ సరుకు. అన్నిటి మీదా కంపెనీ చూపు పడింది. అంటే కొండసరుకుకు ఇప్పుడు రెండు ద్వారాలు. ఒకటి రాజావారి నౌపడ దారి, ఇంకొకటి కంపెనీ పార్వతీపురం దారి. రెండోది బ్రాడ్ గేజి. అక్కడ ఎక్కిన బస్తా మధ్యలో దిగనవసరం లేదు.

ఈ రెండు దారుల నడుమ వంశధార లోయ ఉంది. ఆ లోయలో, కిమిడికి వాయవ్యాన, గుణుపురం ఉంది. వరి పుష్కలంగా పండే తాలూకా. కిమిడి జమీ కాదు, గంజాం జిల్లా కూడా కాదు. విశాఖపట్నం ఏజెన్సీలో, జయపురం మహారాజుల ఎస్టేటులోనిది. ఆ ధాన్యం ఎటు దిగితే ఆ దారికి బతుకు.

కుమారుడి వంతు

కృష్ణచంద్ర గజపతి 1913లో, ఇరవై ఒకటో ఏట, ఎస్టేటు చేతిలోకి తీసుకున్నారు. ఆయన చదువరి, రాజకీయం తెలిసినవాడు, వ్యవసాయం మీద మక్కువ ఉన్నవాడు. 1926లో దేశంలో వ్యవసాయ స్థితిగతుల మీద లిన్‌లిత్‌గో అధ్యక్షతన వేసిన రాయల్ కమిషనులో ఆయన సభ్యుడు. పంట పండించడం ఒక ఎత్తు, దాన్ని సంతకు చేర్చడం ఇంకో ఎత్తు అని ఆ కమిషనులో కూర్చున్నవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కిమిడి ప్రభువుకు అసలే అక్కర్లేదు.

1924–25 నుంచి లైను లాభాలు బాగా పెరిగాయి. తండ్రి పాతిక మైళ్ళు వేసి ఆగిన చోటి నుంచి కొడుకు ముందుకు పోదలచుకున్నారు. లైను కురచగా ఉండటమే దాని రోగం అని పైన చెప్పుకున్నాం. దూరం పెరిగితే ఎడ్లబండి వెనకబడుతుంది, నౌపడలో ఎత్తుడు కూలి ఎక్కువ మైళ్ళ మీద పంచుకుంటుంది. గుణుపురం ధాన్యం పార్వతీపురం వైపు పోకుండా ఇటు తిరుగుతుంది. రెండు విడతలుగా, 1929లోనూ 1931లోనూ, కాశీనగరం మీదుగా వంశధార పక్కనే పట్టాలు గుణుపురం చేరాయి. మొత్తం లైను తొంభై కిలోమీటర్లయింది. ఒక జమీందారు సొంత రైలు ఇంకో జమీందారు గడ్డ మీద స్టేషను పెట్టుకుంది. కొలత మాత్రం పాతదే, రెండడుగుల ఆరంగుళాలు. నౌపడలో కలాసీల పని తగ్గలేదు, రెట్టింపయింది.

1931 మన పట్టాల చరిత్రలో మరిచిపోరాని సంవత్సరం. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా బీఎన్ఆర్ లైను పూర్తయిందీ ఆ ఏడే. మధ్యపరగణాల సరుకు నేరుగా విజయనగరం దిగి, అప్పుడే తయారవుతున్న విశాఖపట్నం రేవుకు పోవడానికి దారి ఏర్పడింది. అంటే రాజావారి రైలు గుణుపురంలో ఆగిన సంవత్సరమే కంపెనీ రైలు కొండలు దాటి అవతలికి పోయింది. అక్కడి నుంచి రెండింటి తాహతు ఒకటి కాదు. గుణుపురం నుంచి ఇంకొంత దూరం పోయి రాయపూర్ లైనును కలుపుకుని ఉంటే కిమిడి దారి రాత మారేదని నా గట్టి నమ్మకం. గుణుపురాన్ని ఆ లైను మీది తెరువలితో కలపాలన్న కోరిక ఆ ప్రాంతంలో చాలాకాలం వినిపించింది ఊరికే కాదు.

గిడుగు వారి సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిందీ 1931లోనే. సవర కొండల పాదాల దాకా పట్టాలు చేరిన ఏడే ఆ కొండల భాషకు వ్యాకరణం పుస్తకంగా వచ్చింది. ఒకటి కోట చేయించిన పని, ఇంకొకటి కోట నీడలో ఒక పంతులు ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పని. కిమిడి ఊరు ఒకే తరంలో ఈ రెండూ ఇచ్చింది.

ఆ ఏడాదే ఇంకో సంగతి కూడా మొదలైంది. లండను రౌండ్ టేబుల్ సమావేశంలో ఒడియావారికి వేరే రాష్ట్రం కావాలని వాదించి వచ్చిన కృష్ణచంద్ర గజపతి, ఓడొనెల్ అధ్యక్షతన వేసిన ఒరిస్సా సరిహద్దు సంఘంలో సహ సభ్యుడిగా కూర్చున్నారు. తెలుగువారి వైపు నుంచి సి.వి.ఎస్. నరసింహరాజు ఆ సంఘంలో ఉన్నారు. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఎటు? కిమిడి ఎటు? గుణుపురం ఎటు? ఒకే లైను మీది స్టేషన్లను ఏ రాష్ట్రానికి పంచాలన్న తగవు అది. ఆ లైను యజమానికీ, ఆ ఊళ్ళో యాభై ఏళ్ళుగా కాపురమున్న గిడుగు పంతులుకూ మధ్య కిమిడి ఏ రాష్ట్రానిదన్న విషయంలో పొత్తు కుదరలేదు.

1936 ఏప్రిల్ 1న గీత పడింది. పట్టాలు పరిచిన దారిని అది ఎక్కడ కోసింది, గిడుగు పంతులు కిమిడి విడిచి రాజమండ్రి ఎందుకు చేరారు, రెండు రాష్ట్రాల మధ్య చిక్కిన చిన్న రైలును ఎవరు నడిపారు, ఎన్నికల్లో బొబ్బిలి రాజాను రైలు కార్మికుల నాయకుడు గిరి ఎలా ఓడించాడు అన్నవి వచ్చే భాగంలో.